గుమ్మం ముందరి ఫైరింజన్

“ఇంగో బిందె పెట్టు నిస్సీ, నీళ్లు అయిపోతాయి!” అని నా కూతురిని తొందరపెట్టాను.

బోర్లు ఎండిపోవడంతో నిస్సీ వాళ్ల అపార్ట్‌మెంటుకు మునిసిపాలిటీ వాళ్లు ఫైరింజన్‌తోనే నీళ్లు తెచ్చి పోస్తున్నారు. కౌన్సిలర్ ఉమామహేశ్ దగ్గరుండి పట్టిస్తున్నాడు.

“ఏమప్పా, పక్కన ఇంకా రెండు అపార్ట్‌మెంట్లు లేస్తాయంటనే?”

“పొద్దున్నే కౌన్సిల్లో ఒప్పుకున్నాం పెద్దమ్మా.”

“మరి ఇంగో ఫైరింజన్ కావాలని మేమిచ్చిన అర్జీ?”

“అది పక్కన పెట్టినాం. ఊరికంతా ఒకటుండాది, చాలదా? దినామూ మీ గుమ్మం ముందరికే వస్తాండాది. ఇంగ మీకేం భయం?”

“మా యమ్మకు అగ్గిపుల్ల గీసినా భయమేలే అన్నా,” అంది నిస్సీ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఎర్రబండి కనిపిస్తే నిజంగానే నా గుండె కుదుటపడేది.

అంతలో పైపు గురగురమని, నాలుగు చుక్కలు రాల్చి ఆగిపోయింది. డ్రైవర్ పైపు చుట్టేశాడు.

“మళ్లీ ఎప్పుడు నింపుతారప్పా?”

“రేప్పొద్దున ట్యాంకుకు నీళ్లొచ్చినాకే అమ్మా.”

ఖాళీ బండి ఎగిరెగిరి పడుతూ వెళ్లిపోయింది. నేను మా నిండు బిందెల వైపు చూశాను.

మెట్ల కింద కరెంటు మీటర్ల పెట్టె ఎప్పటిలాగే చిటపటమంటోంది.

ఐదో అంతస్తులో, నిస్సీ బియ్యం కడగడానికి బిందె వంచబోతే చేయి పట్టుకున్నాను. ఆ బిందెను మోసుకెళ్లి మనవరాలి ఉయ్యాల పక్కన పెట్టాను. తెల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనీయలేదు.