కాలదోషం

సోమవారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి యిప్ గారి మైనా పంజరంతో సహా మాయమైంది. గుమ్మంలో వేలాడుతూ వచ్చినవాళ్లందరినీ "బాగా సంపాదించండి" అని దీవించే పిట్ట. అది అడుగుపెట్టాకే తన బొమ్మల ఎగుమతి కంపెనీకి కలిసొచ్చిందని యిప్ నమ్మకం. హాంకాంగ్‌లో ఏ యజమానికైనా ఉండే నమ్మకాలే ఆయనకూ ఉన్నాయి.

అసలే వ్యాపారం మందగించింది. గుమాస్తా పుయ్-షాన్, సీనియర్ గుమాస్తా క్వోక్, ఈ ఇద్దరిలో ఒకరికి నెలాఖరున ఉద్వాసన ఖాయం. అది పుయ్-షాన్‌కేనని అందరూ అనుకుంటున్నారు. క్వోక్ ఇంగ్లీషులో దిట్ట మరి. ఆయన పంతులుగిరీ చూసి అంతా "క్వోక్ సార్" అంటారు, సగం వెటకారంగా. మైనా తన దగ్గును అనుకరించి నలుగురినీ నవ్విస్తుందని ఆయనకు దానిమీద కడుపుమంట.

భవనంలోని కంపెనీలన్నిటికీ ఇంగ్లీషులో ఈమెయిల్ పెట్టమన్నాడు యిప్. "మా మైనా నల్లగా ఉంటుంది. బొప్పాయి తింటుంది. పిలిస్తే పలుకుతుంది" అని రాసి, ఎప్పటిలాగే క్వోక్‌కు చూపించింది పుయ్-షాన్.

ఆయన ఎర్ర పెన్ను తీశాడు.

"పిట్ట పోయిందా లేదా?"

"పోయింది సార్."

"పోయినదాన్ని పట్టుకుని ఇంకా తింటుంది, పలుకుతుంది అంటావేంటమ్మా? మన కాంటనీస్‌లో క్రియకు కాలాలు లేవు కాబట్టి చెల్లుతుంది, ఇంగ్లీషులో చెల్లదు. నల్లగా ఉండేది, తినేది, పలికేది. అంతా భూతకాలం."

ఆమె బుద్ధిగా తలూపి, ఆ ఎర్రగీతల కాగితం తీసుకెళ్లి యజమాని బల్ల మీద పెట్టింది. "క్వోక్ సార్ దిద్దారు బాస్. ఇలాగే పంపమంటారా?"

యిప్ రెండుసార్లు చదివాడు. క్వోక్‌ను పిలిపించాడు.

"ఎత్తుకెళ్లిన పిట్ట దొంగింట్లోనైనా తింటుంది కదా. ఇక తినదని నీకెలా తెలుసు?"

"అది వ్యాకరణం బాస్."

"వ్యాకరణం సంగతి నాకు తెలీదు. నా పిట్ట సంగతి మాత్రం నీకు బాగానే తెలిసినట్టుంది. పీక నులిమి ఎక్కడ పారేశావ్?"

క్వోక్ నియమాలు ఏకరువు పెట్టినకొద్దీ యిప్ అనుమానం ముదిరింది. సాయంత్రానికి ఆయన సామానంతా అట్టపెట్టెలోకి చేరింది. పాపం, చెడ్డవాడు కాదు. దిద్దకుండా ఉండలేడు, అంతే.

ఉద్యోగం నిలబెట్టుకున్న పుయ్-షాన్ ఇంటికి చేరి తలుపు తీయగానే, వంటగదిలోంచి వాళ్లమ్మ విసుక్కుంది.

"నీ మైనాతో వేగలేనే తల్లీ, పొద్దుణ్నుంచీ నోరు మూయకుండా వాగుతోంది."