సీలు తీసిన చెయ్యి

"బేటీ, ఈ సీలు ఎవరు తీశారు?"

పెద్దాయన హిందీలో అడిగాడు. గొంతులో కోపం లేదు.

"నేనే చాచా. మీ చేతులు వణుకుతున్నాయి కదా, చింపుకోలేరని" అంది జైనబీ నవ్వుతూ.

ఒమన్‌ను ముంచెత్తిన గోను తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడు అది. లండన్ వెళ్లాల్సిన విమానం ఏదో చెడిపోయి పొద్దుటి నుంచీ మస్కట్‌లోనే నిలబడిపోయింది. ప్రయాణికులందరికీ ట్రాన్సిట్ హాల్లోనే మధ్యాహ్నం భోజనాలు. క్యాటరింగ్ కంపెనీలో జైనబీ డ్యూటీ అదే.

అందరూ తింటున్నారు గానీ, నెత్తిన చిన్న టోపీ పెట్టుకున్న ఈ ముంబయి ముసలాయన మాత్రం ఏమీ ముట్టలేదు. టీ వద్దన్నాడు, బిస్కెట్ వద్దన్నాడు. తన సీసాలో నీళ్లే గుక్కెడు గుక్కెడు తాగుతూ కూర్చున్నాడు. ఆయన పేరు మీద విడిగా ఒక డబ్బా ఉంది. రెండు పొరల కవరు, పైన సీలు.

కడప మనిషికి పెద్దవాళ్ల ముందు మూసిన డబ్బా పడేసి చింపుకు తినమనడం చేతనవుతుందా? జైనబీ కవర్లు రెండూ కోసింది. వేడి చేసింది. హాల్లో అందరికీ పెట్టే పింగాణీ పళ్లెంలోనే అన్నం, కోడికూర ముచ్చటగా సర్ది తెచ్చింది.

పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది నేను తినకూడదమ్మా."

"కోడికూరే చాచా! పంది ముక్క మా దగ్గరికే రాదు, అల్లా తోడు!"

"అది కాదు. నేను యూదుణ్ణి. మా పద్ధతిలో వండి సీలు వేస్తారు. ఆ సీలు నా కళ్ల ముందే తీయాలి. మీ పళ్లెంలో పడ్డాక ఇక మాకు పనికిరాదు."

జైనబీ పళ్లెం వెనక్కి లాక్కుంది. యూదులను ఆమె ఎన్నడూ చూడలేదు గానీ, ఈ పట్టింపు ఆమెకు కొత్తది కాదు. ఎవరు కోశారో, బిస్మిల్లా అన్నారో లేదో తెలియనిదే తనూ ఎక్కడా మాంసం ముట్టదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది.

"ఇంకో డబ్బా తెస్తా చాచా."

"ఒక్కటే వస్తుంది బేటీ, నాకు తెలుసు. కోయని పండు ఏదైనా ఉంటే ఇవ్వు, చాలు."

పరుగెత్తింది. పండ్లన్నీ పొద్దునే కోసి గిన్నెల్లో పెట్టేశారు. ఒక్క అరటిపండైనా మిగల్లేదు.

ఉత్త చేతులతో తిరిగి వచ్చేసరికి, బల్ల దగ్గర సూపర్‌వైజర్ జహీరుద్దీన్ నిలబడి ఉన్నాడు. హైదరాబాదు మనిషి. మంచివాడే గానీ, రూలంటే రూలే.

"ఈ డబ్బా ఎవరు తెరిచిన్రు జైనబీ? సీలుతోనే ప్యాసింజర్ చేతికియ్యాలెనని ఎన్నిసార్లు చెప్పిన?"

ఇప్పటికే ఆమె మీద రెండు వార్నింగులున్నాయి. మూడోది పడితే వీసా క్యాన్సిల్, ఇంటికి టికెట్. కడపలో కూతురు షబానా నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉంది. తల్లి ఉద్యోగం పోతే ఆ చదువు అంతటితో సరి.

"నేను తీయలేదు సార్. ఆయప్పే ఆకలికి ఆగలేక చింపుకున్నాడు."

అనేసింది! మాట నోరు దాటాక గానీ ఆమెకు ఒళ్లు తెలియలేదు.

జహీరుద్దీన్ పెద్దాయన వైపు తిరిగి, హిందీలో అడిగాడు. "మీరే తీశారని అంటోంది. మా పళ్లెంలో కూడా మీరే పెట్టుకున్నారా?"

"వేరేవాళ్లు తీసి ఉంటే ఏం చేస్తారు?"

"ఇవాళే పనిలోంచి తీసేస్తాం."

పెద్దాయన జైనబీని చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

"నేనే తీశాను. నేనే పెట్టుకున్నాను."

"అయితే ఆ మాటే రాసివ్వండి. డబ్బా పంపిన ముంబయి వంటశాలకు తెలియజేయాలి."

"అక్కడికే వెళ్తుందా?"

"అవును."

పెద్దాయన కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. తర్వాత రాసి, సంతకం పెట్టాడు.

జహీరుద్దీన్ అటు వెళ్లగానే జైనబీ ఏడుపు దిగమింగుకుంటూ అంది. "మాఫ్ చేయండి చాచా. నాకొక కూతురుంది."

"చదివించుకో బేటీ" అన్నాడాయన.

సాయంత్రం ఉత్త కడుపుతోనే విమానం ఎక్కాడు. పోనీలే, ఒక పూట పస్తేగా అని జైనబీ తనకు తనే సర్దిచెప్పుకుంది.

నెల తిరక్కుండా జహీరుద్దీన్ ఆమెను ఆఫీసులోకి పిలిచాడు.

"ముంబయి వంటశాల వాళ్లు మళ్లడుగుతున్నరు. ఆ దినం నిజంగ ఆ పెద్దాయన, రూబెన్ సాబే సీలు తీసి మన పళ్లెంల పెట్టుకున్నడా, వేరేవాళ్లు పెట్టిన్రా అని. సచ్ చెప్పు జైనబీ."

జైనబీ ఆలోచించింది. ఎప్పుడో లండన్ చేరిన మనిషికి ఇప్పుడేం పోతుంది? తనకైతే అన్నీ పోతాయి.

"ఆయప్పే సార్."

జహీరుద్దీన్ రెండు ముక్కలు రాసి ఫ్యాక్స్ పంపించేశాడు. మిషన్ చప్పుడు ఆగాక నిట్టూర్చాడు.

"పాపం, ఇంక ఆయన కొలువు పోయినట్టే. వాళ్లడిగినా నేనే తీసిన, నేనే ఆ పళ్లెంల పెట్టుకున్న అన్నడంట."

"ఏం కొలువు సార్?"

"తన నియమం తనే తప్పినోని మాట ఎవరు నమ్ముతరు చెప్పు? ఆ డబ్బాలన్నీ దగ్గరుండి చూసి, ఇరవై ఆరేండ్ల సంది వాటి మీద సీలు వేస్తున్నది ఆ పెద్దమనిషేనంట."