పెంచే రసం

ఆ రోజు మీరా సాహెబ్ చేతిలో టిఫిన్ డబ్బా లేదు. భార్య చెయ్యి ఉంది.

ఆమెను ల్యాబ్ బయట వరండా బెంచీ మీద కూర్చోబెట్టాడు. నల్లటి బురఖా. ఎడమ కంటికి తెల్లటి కట్టు.

"ఈడనే కూసో సుగ్రా. పిలుస్త."

లోపల నిర్మల కోడిగుడ్లు పొదిగే పెట్టె వేడి సరిచూస్తోంది. అతన్ని చూసి నవ్వింది.

"ఇయ్యాల కండ్లు తేలేదా చిచ్చా?"

అతను నవ్వలేదు.

మీరా సాహెబ్‌ది మండీబజార్‌లో మాంసం దుకాణం. నిర్మల పరిశోధనకు మేకకళ్లు అక్కణ్ణించే వస్తాయి. కోసిన వెంటనే, టిఫిన్ డబ్బాలో ఐసు మధ్య పెట్టుకుని, సైకిల్ మీద తనే తెస్తాడు. తెచ్చి, ఆమె వాటిని కోస్తుంటే పక్కనే నిలబడి చూస్తాడు.

"కత్తి గట్ల పడితె మిమ్ముల మా దుకాణంల పన్లకు పెట్టుకోను మేడమ్," అని ఆటపట్టిస్తాడు.

కంటి వెనకాల ఉండే పొర రెటీనా. అక్కడ ఒక కణం ఇంకో కణానికి కబురు పంపుతుంది. కబురు మోసేది పెప్టైడ్, చిన్న ప్రోటీన్ తునక. అది అందితే కణం రెండవుతుంది. కొత్త రక్తనాళం మొలుస్తుంది.

ఆ తునకను పట్టుకోవాలి. నిర్మల పిహెచ్‌డీ అంతా అదే. 1983లో, వరంగల్‌లో, దానికి ముందుగా కావలసింది తాజా కళ్లు.

కిందటి వానాకాలం మీరా సాహెబ్ నసుగుతూ ఒక మాట చెప్పాడు.

"కండ్లు లేని తలకాయ ఎవ్వరు కొంటలేరు మేడమ్. కన్ను లేకుంటె తలకాయ కూర ఎట్లయితది అని కొట్లాడుతాండ్రు. ఇగ బంద్ జేస్త."

కళ్లు రాకపోతే నిర్మల పని ఆగిపోతుంది. అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి పొదుగులో ఉన్న ఒక కోడిగుడ్డు చూపించింది. పెంకు కొంచెం కోసి ఉంది. లోపల ఆమె వేసిన రెటీనా రసం చుక్క. చుట్టూ ఎర్రటి దారాల్లా రక్తనాళాలు, అన్నీ చుక్క వైపే పాకుతున్నాయి.

"ఇది పెంచే రసం చిచ్చా."

అతను రెప్ప వేయకుండా చూశాడు.

"మా ఇంటామెకు షుగరు. చూపు పోతాంది. గిది పెంచుతదా?"

షుగర్ జబ్బులో కంటి వెనక పెరగకూడని రక్తనాళాలు పెరుగుతాయి. చిట్లుతాయి. చూపును తినేసేది ఆ పెరుగుదలే. ఆ సంగతి నిర్మలకు తెలిసినంతగా ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

"ఒక దినం మందయితది చిచ్చా," అంది.

మర్నాటి నుంచి కళ్లు ఇంకా పెందలాడే వచ్చాయి.

ఇప్పుడతను స్టూలు మీద కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, తగ్గు గొంతుతో చెప్పాడు.

"జర తప్పు జేసిన మేడమ్. ఆగలేకపోయిన. మీరు జేసినట్టే జేసిన. కన్ను కోసి, ఎనుక పొర తీసి, ఉప్పునీళ్లల్ల నూరి, పల్సటి బట్టల వడగట్టిన. ఆమె ఎడమ కంట్ల చుక్కలేసిన."

నిర్మల పెట్టె మూసి అతని వైపు తిరిగింది.

"పుండయింది. ఆ కన్ను పోయిందన్నరు దవాఖానల."

"చిచ్చా..."

"రసంది తప్పు కాదు మేడమ్. దుకాణపు చేతులు గదా నాయి. మీయి సాఫ్ చేతులు." అతను బయటికి చూశాడు. "కుడి కన్ను జర ఉన్నది. దాంట్ల మీరే వెయ్యుండ్రి. సూది గిట్ల ఇస్తరేమోనని పొద్దుగాల్నుంచి ఏం తినలేదామె."

ఇప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పి పంపేయవచ్చు. వచ్చే వారం రమ్మనవచ్చు.

అప్పుడతను కుడి కంట్లో కూడా వేస్తాడు.

"వెయ్యొద్దు," అంది నిర్మల. "అది మందు కాదు."

"పెంచుతదంటిరి?"

"పెంచుతది. ఆమె కంట్ల జబ్బే గది చిచ్చా. పెరుగుడే జబ్బు."

ఫ్యాను తిరుగుతోంది. అతను వరండా వైపు చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"గీ సంగతి మీకు గప్పుడు తెల్వదా?"

"తెలుసు."

ఎందుకు చెప్పలేదని అడుగుతాడనుకుంది. అడిగితే బాగుండుననుకుంది.

అతను అడగలేదు. రెండు అరచేతులూ ఒకసారి చూసుకుని, లుంగీకి తుడుచుకున్నాడు.

"ఆమెకు చెప్పకుండ్రి," అన్నాడు. "నేను జూసుకుంట."

వెళ్లిపోయాడు. నిర్మల తలుపు దాకా పోలేకపోయింది. కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. వరండాలో మాటలు వినపడుతున్నాయి.

"ఏమన్నది? నువ్వు జేసిన పనికి తిట్టిందా?"

"లేదు."

"జర కూడ?"

"జర కూడ తిట్టలే. మంచి మనిషి. లే, ఇంటికి పోదాం. ఏమన్న తిందువుగాని."

బెంచీ కిర్రుమంది. సుగ్రా బేగం లేచింది. పోబోతూ ఆగి, తలుపు ఇటే ఉందనుకుని కిటికీ వైపు తిరిగి సలాం చేసింది.