మోసే మనిషి

"భర్త అంటే మోసేవాడని క్లాసులో చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నారుగా. ఇప్పుడు మోయండి!"

ఆస్పత్రి మంచం మీద నుంచి భార్య ఎకసెక్కమాడింది. తుంటి ఎముక విరిగింది గానీ నోటికి దెబ్బ తగల్లేదు.

తెలుగు మాస్టారు నవ్వేశాడు. రిటైరైనా పాఠం మానలేదాయన.

"రెండు మాటలకీ 'భృ' అనే ధాతువే మూలం. మోయడం, పోషించడం అని అర్థం. మోసేవాడు భర్త, మోయదగినది భార్య. నడుం పట్టేసిన వాడికి మాత్రం మినహాయింపు!"

పైకి నవ్వులే. లోపల ఇద్దరికీ బెంగగా ఉంది. మర్నాడు ఇంటికి పంపేస్తారు. ఇల్లేమో మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

పక్క మంచం మీద కాలు విరిగిన టైలరమ్మ ఉంది. ఆమెను లేపడం, కూర్చోబెట్టడం, బాత్రూం దాకా ఎత్తుకెళ్ళడం అన్నీ ఒకతనే చేస్తున్నాడు. ఆమె అతని మొహం చూసి మాట్లాడదు.

"ఇదిగో, నీళ్ళు కావాలి."

"ఇదిగో, దిండు సర్దాలి."

అతను చెప్పినట్టే చేస్తాడు.

"జీతానికి కుదిరిన మనిషి. పిలుపు వింటే చాలు, వరస చెప్పెయ్యనూ!" అన్నాడు మాస్టారు ధీమాగా.

వరండాలో అతన్ని పట్టుకున్నాడు.

"ఏమోయ్, రేపు మా ఆవిణ్ణి మేడెక్కించాలి. వస్తావా?"

"దానికేముందండి, వస్తాను."

మాట తప్పలేదు. వాచ్‌మన్‌ని ఓ చెయ్యి వెయ్యమని, ఆవిణ్ణి కుర్చీతో సహా పైకి చేర్చాడు. చెమట తుడుచుకుంటూనే, "నొప్పి పుట్టలేదు కదమ్మా?" అని అడిగాడు.

మాస్టారు డబ్బు తీస్తే పుచ్చుకోలేదు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

"ఇలాంటి మనిషి దీపం పెట్టి వెతికినా దొరకడు. మనమే పెట్టుకుందామండీ" అంది భార్య.

కొన్నాళ్ళాగి మాస్టారు టైలరమ్మకి ఫోన్ చేశాడు.

"కాలెలా ఉందమ్మా?"

"కర్ర పట్టుకుని నడుస్తున్నానండి."

"సంతోషం! అయితే మీ దగ్గర పనిచేసే అతన్ని ఇక మా ఇంటికి పంపకూడదూ? జీతం అతనెంతంటే అంతే."



"నేను అడుగు వేసిన రోజే వెళ్ళిపోయాడండి. ఎక్కడుంటాడో అడగలేదు. అడిగే మొహం నాకు లేదు."

"అదేమిటమ్మా? ఇంతకీ ఎవరతను?"

"నాకొద్దని ఏనాడో నేను విడాకులిచ్చిన మనిషండి."