గసగసాల గుట్టు

“కాయ గీరితే పాలొచ్చాయి, చూశావా? ఈ పాలే నిన్ను జైలుపాలు చేస్తాయి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, వేలి గోరు రుమాలుతో తుడుచుకుంటూ.

రిటైర్డ్ బస్సు కండక్టర్ తన ఇంటి ప్రహరీ వెంట నడుమెత్తు పెరిగిన పద్దెనిమిది మొక్కల్నీ, వాటి ఎర్రటి పూలనీ పాముల్ని చూసినట్టు చూశాడు. దారినపోయేవాళ్లంతా ఆగి మెచ్చుకుంటుంటే ఇన్నాళ్లూ మురిసిపోయాడు. ఈరోజు జీపూ ఆగింది.

“అవేం మొక్కలు బాబూ?” అంది అతని భార్య.

“గసగసాలవమ్మా. వీటి పాలే నల్లమందు.”

ఆవిడ మెట్టు మీద కూలబడింది. “మా ఆయన మందే ముట్టరు.”

“ముట్టక్కర్లేదు, పెంచినా నేరమే. విత్తనాలెవరిచ్చారయ్యా?”

“పార్కుకి నడకకొచ్చే ఒకావిడ, సార్. పూలు బాగుంటాయని పొట్లం కట్టిచ్చారు.”

“ఒకావిడా?” కూలబడ్డ భార్య లేచి నిలబడింది. “గసగసాలేనా, గుసగుసలు కూడానా?”

“పెద్దావిడే. అరవై దాటాయి.”

“మీకేమన్నా ఇరవయ్యా?”

“ఆవిడింట్లో ఎన్నున్నాయి?” ఇన్‌స్పెక్టర్ మధ్యలో దూరాడు.

“పెరడంతా అవేనట సార్. నావి అందులో పదోవంతు ఉండవు.”

ఇన్‌స్పెక్టర్ కళ్లు మెరిశాయి. ఇలాంటి కేసు కోసమే ఏడాదిగా ఇల్లూ వాకిలీ పట్టించుకోకుండా తిరుగుతున్నాడు. పూలు ఇక్కడ పూస్తే కేసు అక్కడ కాసింది.

“ఇన్ని మొక్కలకి ఒక్క ముక్క. ఆవిడెవరో చెప్పు, నిన్ను సాక్షిగా రాసుకుని వదిలేస్తా.”

కండక్టర్ అతని ముఖంలోకి ఓసారి చూసి తల దించుకున్నాడు. “వద్దు సార్. ఇవి పీకేస్తాను. ఇక్కడితో పోనివ్వండి.”

“కుదరదు.”

“అయితే నన్నే తీసుకెళ్లండి. ముప్పై ఏళ్ల సర్వీసులో టికెట్ లేనివాణ్ణి కూడా నలుగురిలో పరువు తీయకుండా దింపాను.”

“జైలుకైనా పోతారు గానీ ఆవిడ పేరు చెప్పరన్నమాట.” అంది భార్య. “నలభై ఏళ్ల కాపురం ఆ పొట్లంపాటి చెయ్యలేదా?”

ఇన్‌స్పెక్టర్ సైగ చేశాడు. కానిస్టేబుల్ బేడీలు తీశాడు.

“ఆఖరిసారి అడుగుతున్నా. ఎవరావిడ?”

కండక్టర్ ఓసారి భార్య వైపు చూశాడు.

“మీ అమ్మగారు.”