గడ్డి బూడిద

మెకానిక్ పొద్దున్నే వచ్చి పొయ్యి ముందు చతికిలబడ్డాడు. అడుగున గట్టిపడిన బూడిదని ఇనప పలకతో గీకడం మొదలుపెట్టాడు.

గది వెచ్చగా ఉండటానికి మూలన పెట్టుకున్న చిన్న పొయ్యి అది. గడ్డీ, రాలిన ఆకులూ నొక్కి చేసిన గుళికలు వేస్తే మండుతుంది. మంట బాగానే వస్తుంది గానీ బూడిదే బోలెడు. ఒక్కరోజు తుడవకపోతే అలిగి కూర్చుంటుంది.

"చెక్క గుళికలు వాడక్కా. వారానికోసారి తుడిస్తే చాలు," అన్నాడు ఎన్నోసారో.

"నాకు గడ్డివే బాగున్నాయిలే తమ్ముడూ," అంది టైలరమ్మ, మిషను ఆపకుండానే.

మూడు చలికాలాలుగా ఇదే వరస. కూలి ఇస్తానన్నా పుచ్చుకోడు. ఇరుగుపొరుగు "దేవుడయ్యా నువ్వు" అంటే తేలు కుట్టిన దొంగలా తల దించుకుంటాడు. ఈ పొయ్యి బిగించింది అతనే. బిగించిన రాత్రే, ఇదే గదిలో, టైలరమ్మ భర్త నిద్రలో పోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. అందరూ నమ్మారు, మెకానిక్ తప్ప.

టైలరమ్మ లేచి ఒక కొత్త చొక్కా తెచ్చి అతని భుజాలకి ఆనించి చూసింది.

"ఆయనకని తీసుకున్న బట్ట. నీకు కుట్టాను. కొలత తీసినట్టే సరిపోయింది."

మెకానిక్ బూడిద చేతులు చొక్కాకి తగలకుండా వెనక్కి జరిగాడు.

"నాకొద్దక్కా. బావగారిని చంపింది నేనే." ఒకసారి బయటపడ్డాక మాట ఆగలేదు. "ఆ రోజు పొగ గొట్టంలో తుడిచే గుడ్డ మర్చిపోయాను. సాయంత్రమే వెలిగించుకోండని కూడా చెప్పి వెళ్లాను. ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. పొద్దున తీద్దాంలే అని బద్ధకించాను. రాత్రంతా పొగ బయటికి పోక గదిలోకే తన్ని ఉంటుంది. పొద్దున వస్తే గుమ్మం నిండా జనం. తర్వాతెప్పుడో గొట్టం విప్పి చూస్తే గుడ్డ లేదు, కాలిపోయింది కాబోలు. నువ్వు పోలీసులకి చెప్పుకో, మొహాన ఉమ్మెయ్యి, నీ ఇష్టం."

ఆవిడ చొక్కా మడత పెట్టింది. మళ్లీ విప్పింది. అతని మొహంలోకి చూడలేకపోయింది.

"కాలిపోలేదు. మూడోరోజు నేనే తీశాను," అంది చివరికి. "నువ్వు రోజూ ఎందుకొస్తున్నావో అప్పట్నుంచీ తెలుసు."

"తెలిసీ నన్ను గడప తొక్కనిచ్చావా అక్కా?"

"పాపం నాది తమ్ముడూ, ఆ రాత్రి మేం అసలు పొయ్యి వెలిగించనే లేదు, ఆ మాట చెబితే మర్నాటి నుంచి నువ్వు రావని ఇన్నాళ్లూ దాచాను."