తొమ్మిదో ట్యాంకు దగ్గర

“ఆ వైరు కదిలించింది నువ్వే. ఒప్పేసుకో పాషా!” సైట్ ఇన్‌ఛార్జి బుల్లిరాజు పికప్పు డోరు మీద అరచేత్తో చరిచాడు.

“తౌబా తౌబా! బండి నాది గని ఆ డబ్బ నాది గాదు సార్. నేనెందుకు ముడ్త?” డ్రైవర్ మహబూబ్ పాషా చెంపలు వాయించుకున్నాడు.

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం? రాత్రి తాళం ఎవరి దగ్గరుందయ్యా?”

తాళం పాషా దగ్గరే ఉంది. ఏం చెబుతాడు పాపం!

డ్యాష్‌బోర్డు మీద రేడియో స్కానరు, బండి కప్పు మీద అయస్కాంతంతో అతుక్కున్న చిన్న జీపీఎస్ రిసీవరు, రెంటి మధ్యా ఒక నల్ల వైరు. నిన్న సాయంత్రం దాకా చక్కగా పనిచేసింది. ఇవాళ పొద్దున్నుంచి స్కానరు తెర మీద జీపీఎస్ లేదన్న మాట తప్ప ఇంకేమీ రావడం లేదు.

అదేం ఆటబొమ్మ కాదు. పది రోజుల కిందట సిత్రా దీవిలో ఈ ఆయిలు ట్యాంకుల మధ్యే లచ్చన్న అనే హెల్పరు నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాకీటాకీలో అరగంట సేపు పిలిచానంటాడు. ఎవరికీ వినపడలేదు. చార్జింగు పెట్టుకోకుండా డ్యూటీకి పోయాడని ఆఫీసు తేల్చేసింది. “ఫుల్లు చార్జింగుండె సారూ” అని వాడు ఆస్పత్రి మంచం మీంచి మొత్తుకుంటూనే ఉన్నాడు. సరే చూద్దామని ఈ స్కానరు తెప్పించారు. ఆఫీసులో గుమాస్తా వాకీటాకీలో అంకెలు చదువుతూనే ఉంటాడు. బండి ట్యాంకుల మధ్య తిరుగుతుంది. ఆ మాట ఎక్కడ వినిపించిందో, ఎక్కడ ఆగిపోయిందో స్కానరు చోటుతో సహా రాసుకుంటుంది.

“జీపీఎస్ ఉంటే నువ్వు అరాద్‌లో బామ్మర్ది ఇంటికి బండేసుకుని పోయేది కూడా దొరికిపోతుంది. అదీ నీ భయం,” అన్నాడు బుల్లిరాజు. “పన్నెండు లోపు ఇది పనిచెయ్యకపోతే నీకు వీసా ఇచ్చిన కఫీల్‌కి ఫోన్ చేస్తా. ఖలాస్. పాస్‌పోర్టు చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారు.”

పాషా ముందు సీట్లో వంగి వైర్లు చూస్తున్న టెక్నీషియన్ గంగాప్రసాద్ వైపు తిరిగాడు.

“తమ్మీ, నువ్వన్న జెర చెప్పు.”

“చూస్తున్న కద భాయ్,” అన్నాడు గంగాప్రసాద్ తలెత్తకుండా.

వైరు పీకి మళ్లీ గుచ్చాడు. లేదు. కొత్త వైరు వేశాడు. లేదు. రిసీవరుకి కరెంటు అందుతోందా? చిన్న లైటు వెలుగుతోంది, అందుతోంది. ఆకాశం కనపడాలేమోనని బండిని షెడ్డు బయటికి తీయించాడు. ఎండ నెత్తి మాడ్చేసింది కానీ తెర మీద మాట మారలేదు.

“పదకొండున్నర,” అన్నాడు బుల్లిరాజు జేబులోంచి ఫోన్ తీసి.

పాషా స్టీరింగు మీద చెయ్యి పెట్టాడు. “నా బిడ్డ మెహక్ మీద ఒట్టు. ఆ వైరు నేను ముట్టలే.” ఆ మాట బుల్లిరాజుతో అనలేదు. గంగాప్రసాద్ కళ్లలోకి చూస్తూ అన్నాడు.

గంగాప్రసాద్ నుదురు తుడుచుకున్నాడు. తర్వాత స్కానరు చేతిలోకి తీసుకుని మెనూలో లోపలికి, ఇంకా లోపలికి వెళ్లాడు.

“వైరులో డేటా పోయే స్పీడు తప్పుంది సార్. రిసీవరు నాలుగువేల ఎనిమిదొందల మీద మాట్లాడుతోంది, స్కానరేమో తొమ్మిదివేల ఆరొందల మీద వింటోంది. రెండూ ఒకటైతే తప్ప ఒకదాని మాట ఒకదానికి ఎక్కదు.”

అంకె మార్చాడు. రెండు నిమిషాలకు తెర మీద అక్షాంశం, రేఖాంశం వచ్చి కూర్చున్నాయి. అమ్మయ్య! పాషా కళ్లు మూసుకుని పైవాడికి దండం పెట్టుకున్నాడు.

“యల్లా, పోనీ!” అంటూ బుల్లిరాజు వెనక సీట్లో ఎక్కాడు.

ఒకటో ట్యాంకు, రెండు, మూడు... వాకీటాకీలో గుమాస్తా గొంతు గణగణలాడుతోంది. ఏడు దాటాక గరగరలాడింది. తొమ్మిదో ట్యాంకు వెనక, లచ్చన్న పడిన చోట, ఆ గొంతు పూర్తిగా ఆగిపోయింది.

పాషా బండి ఆపాడు.

“అయితే లచ్చన్న నిజమే చెప్పాడన్నమాట,” అన్నాడు బుల్లిరాజు మెల్లగా, గంగాప్రసాద్ వైపు తిరిగి. “మరి జూన్‌లో నువ్వు వాకీటాకీ సిగ్నల్ చెక్ చేసిన కాయితంలో తొమ్మిదో నెంబరుకి క్లియర్ అనుందే?”

గంగాప్రసాద్ ఇంక నీళ్లు నమలలేదు.

“ఆరో ట్యాంకు దాకే నడిచాను సార్. ఎండకు తాళలేక క్యాంటీన్ నీడలో కూర్చుని మిగతా అన్నిటికీ క్లియర్ రాసేశాను. ఈ డబ్బా తిరిగితే అది బయటపడుతుంది కదా! స్పీడు పొద్దున మార్చింది నేనే. పాషా భాయ్‌ని ఏమీ అనకండి.”

బుల్లిరాజు బండి దిగి, ఫోన్ పట్టుకుని దూరంగా నడిచాడు.

“మాఫ్ చెయ్యి భాయ్,” అన్నాడు గంగాప్రసాద్. “నీకేం తెల్వదు. నా పాపానికి నీ కొలువు పోతుండె.”

పాషా సైడు అద్దం మీద దుమ్ము వేళ్లతో తుడిచాడు.

“పొద్దుగాల వెనక సామాన్ ఎక్కిస్తుంటే, నువ్వు ఆ బటన్లు ఒత్తుడు ఈ అద్దంల సూసిన తమ్మీ. నేను చెప్తే లచ్చన్న మాటలెక్కనే గాలికి వోతుండె, అందుకే నీ నోట వచ్చేదాక ఆగిన.”